హన్నా షిలోహుకు వెళ్లని ఏళ్లు

తెలుగు సంఘాల కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాలు నడుపుతున్న అమ్మగార్లకు,

ఏటా మే నెలలో మాతృ దినోత్సవం ఆదివారం వచ్చిందంటే మన మందిరాల్లో రెండు ప్రసంగాల్లో ఒకటి ఖాయం. అయితే సామెతల గ్రంథం 31వ అధ్యాయంలోని గుణవతియైన భార్య, లేదంటే సమూయేలు తల్లి హన్నా. మొదటావిడ చీకటితోనే లేస్తుంది, రాత్రయినా దీపం ఆర్పదు. రెండో ఆవిడ కన్నీళ్లతో ప్రార్థించి బిడ్డను పొందుతుంది. ఈ రెండూ విన్న చిన్నపిల్లల తల్లికి చివరికి మిగిలేది ఒకటే లెక్క: ఇంటెడు చాకిరీ చెయ్యాలి, దానిమీద తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరించాలి. ఆ రెండోది కుదరకపోతే 'పెళ్లికి ముందు ఎంత ప్రార్థనాపరురాలు, పిల్లలు పుట్టాక చల్లారిపోయింది' అన్న మాట సంఘంలో పడుతుంది. తిరిగి తిరిగి ఆమె చెవిదాకా వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఆ మాట గురించే. పసిబిడ్డల తల్లి ప్రార్థనలో వెనకబడిందని మీకు తోచినప్పుడు లెక్క అడగాల్సింది ముందు ఆమె భర్తను, తరవాత సంఘాన్ని. ఆమెను అడగడం అన్నిటికన్నా చివర, అదీ అవసరం పడితే. ఇది స్త్రీల పట్ల జాలితో చెబుతున్న మాట కాదు. మనం రోజూ తెరిచే గ్రంథమే ఆ వరస పెట్టింది.

హన్నాతోనే మొదలుపెడదాం. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో మన ప్రసంగాలు సాధారణంగా 20వ వచనం దగ్గర ఆగిపోతాయి. బిడ్డ పుట్టాడు, ప్రార్థన ఫలించింది, సాక్ష్యం పూర్తయింది. ఆ తరవాతి మూడు వచనాలు మాత్రం వేదిక మీద వినపడవు. ఏటేటా షిలోహుకు వెళ్లి బలి అర్పించే ఎల్కానా ఆ ఏడు కూడా ఇంటివాళ్లను వెంటబెట్టుకుని బయల్దేరాడు. హన్నా కదల్లేదు. బిడ్డ పాలు మానేదాకా రానని భర్తకు చెప్పేసింది. ఆ రోజుల్లో పాలు మాన్పించడం ఆర్నెల్ల సంగతి కాదు. కతోలికుల బైబిల్లో ఉన్న మక్కబీయుల రెండో గ్రంథంలో ఒక తల్లి తన కొడుకుకు మూడేళ్లు పాలిచ్చిన సంగతి చెప్పుకుంటుంది. ఆ లెక్కన హన్నా రెండు మూడేళ్లు షిలోహు గడప తొక్కలేదనుకోవచ్చు. ధర్మశాస్త్రం ఏటా సన్నిధికి రమ్మన్నది మగవాళ్లనే కదా, ఆమె వెళ్లకపోతే ఏమిటట అని ఎవరైనా అడగవచ్చు. కానీ బిడ్డలు లేనప్పుడు ఆమె ఏ ఏడూ మానలేదని అదే అధ్యాయం చెబుతోంది. అలవాటుగా వెళ్లే మనిషి పసివాడి కోసం ఆగిపోయింది. పైగా వాడు మామూలు బిడ్డ కాదు, దేవునికి మొక్కుకున్న బిడ్డ. మొక్కు తీర్చడం కూడా వాడు పాలు మానేదాకా ఆగింది. లేఖనంలో ఎక్కడా ఆమెకు మందలింపు లేదు. ఎల్కానా ఏం చేశాడు? నిర్ణయం ఆమెకే వదిలేశాడు. మనం ప్రార్థనకు ఆదర్శంగా నిలబెట్టుకున్న స్త్రీ జీవితంలోనే ఈ విరామం ఉంది. అంతకుముందు ఆమె పెదవులు కదలడం చూసి తాగి ఉందనుకున్న ఏలీ సంగతి కూడా అక్కడే ఉంది. పైచూపుతో ఒక స్త్రీ ప్రార్థనను కొలవబోయి యాజకుడే పొరబడ్డాడు. కాపరులు హన్నాను ప్రసంగించేటప్పుడు ఏలీని కూడా తలుచుకుంటే బాగుంటుంది.

ఇక ఒంటి సంగతి. పుట్టిన బిడ్డ మొదటి వారాల్లో ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. రెండు మూడు గంటలకోసారి అన్నమాట, రాత్రీ పగలూ తేడా లేదు. ఒక్కో తడవ పాలు పట్టి, భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, తడిగుడ్డ మార్చి, మళ్లీ నిద్రపుచ్చేసరికి గంట దాటుతుంది. నాలుగింటి ప్రార్థనకు అలారం పెట్టుకోమని మనం చెప్పే మనిషి ఒంటిగంటకోసారి, మూడింటికోసారి అప్పటికే లేచి ఉంది. అలారం కావలసింది ఆ గదిలో రాత్రంతా నిద్రపోయిన మనిషికి. ఉపవాస ప్రార్థనల సంగతి ఇంతకన్నా గట్టిగా చెప్పాలి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆర్నెల్లు రోజుకు 600 కిలో కేలరీలు అదనంగా కావాలి, తరవాతి ఆర్నెల్లు 520. ఇక మన రాష్ట్రాల్లో ఆడవాళ్ల రక్తం ఎలా ఉందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఈ ఒంటితో శుక్రవారం పచ్చి గంగ ముట్టకుండా సాయంత్రందాకా కూర్చుంటే ఆ ఉపవాసం తల్లి ఒక్కతే చెయ్యడం లేదు. ఆమె నీరసం ఇంట్లో అందరికన్నా ముందు తెలిసేది ఒళ్లో ఉన్న పసిబిడ్డకే. కతోలిక సంఘం ఉపవాస నియమానికి వయసు హద్దులు పెట్టింది, పాలిచ్చే తల్లులకు మినహాయింపు ఆ సంప్రదాయంలో పాత సంగతే. మన సంఘాలు చాలావాటిలో రాసిపెట్టిన నియమమే లేదు కాబట్టి మినహాయింపూ లేదు. ఉన్నదల్లా ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న చూపు ఒక్కటే.

రోజు అందరికీ ఇరవై నాలుగు గంటలే, మనసుంటే సమయం దొరుకుతుంది అనే మాటకు కాస్త లెక్క చూడాలి. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా జనం సమయం దేనికి పోతుందో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు 81.2 శాతం, మగవాళ్లు 26.1 శాతం. ఆ చేసేవాళ్లలో కూడా స్త్రీకి రోజుకు సగటున 299 నిమిషాలు పడితే మగవాడికి 97. పిల్లలనూ పెద్దవాళ్లనూ చూసుకోవడం వేరే పద్దు, అందులో స్త్రీకి 134 నిమిషాలు, మగవాడికి 76. మళ్లీ 2024లో చూస్తే ఇంటిపని స్త్రీకి 289, మగవాడికి 88. అయిదేళ్లలో ఇద్దరికీ కొన్ని నిమిషాలు తగ్గాయి, మధ్య దూరం దాదాపు అలాగే ఉంది. ఇవి అన్ని మతాలవాళ్ల లెక్కలు, నిజమే. క్రైస్తవుల ఇళ్లలో వేరుగా ఉందని అనగలిగితే ఎంతో సంతోషించేదాన్ని. కానీ ఆదివారం పదింటి ఆరాధనకు కుటుంబాలు ఎలా వస్తాయో మందిరం గుమ్మం దగ్గర నిలబడి చూడండి. ఆయన ఇస్త్రీ చొక్కాతో, చంకలో బైబిలుతో వస్తాడు. ఆమె చంకలో బిడ్డ, భుజాన పాలసీసాలూ మార్చే బట్టలూ ఉన్న సంచి, ఇంకో చేత్తో పెద్దవాడు. ఆమె బైబిలు ఆ సంచిలో ఎక్కడో అడుగున ఉంటుంది. వాక్యం మొదలయ్యాక బిడ్డ ఏడిస్తే లేచి బయటికి వెళ్లేదీ ఆమే. ఆ ఏడాదంతా ఆమె విన్న ప్రసంగాలన్నీ కలిపితే నాలుగు పూర్తి ప్రసంగాలయినా అవుతాయా?

అసలు దాంపత్యానికీ ప్రార్థనకూ ముడి ఎలా వేశారో కొత్త నిబంధన రెండుచోట్ల చెబుతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు, ప్రార్థన కోసం భార్యాభర్తలు ఎడంగా ఉండదలిస్తే అది ఇద్దరి ఒప్పుదలతోనే, అదీ కొంతకాలమే అంటాడు. అంటే పెళ్లయినవాళ్లకు ప్రార్థన సమయం ఒకరు తమంతట తాము తీసుకునేది కాదు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఒకరికొకరు ఇచ్చుకునేది. మన ఇళ్లలో ఆ మాట ఎప్పుడు జరిగింది? భర్త మూడు రోజుల ఉపవాస కూటాలకు వెళ్లొస్తానంటే ఇల్లు ఎవరు చూస్తారని అడగక్కర్లేదు, జవాబు తెలిసిందే. భార్య వెళ్తానంటే మాత్రం ముందు వంటా, పిల్లలూ, అత్తగారి మందులూ, అన్నీ సర్దిపెట్టి వెళ్లాలి. రెండోది పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం, 7వ వచనం. భార్యను గౌరవంగా, ఎరిగినవాడిగా చూసుకోని భర్త ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని పేతురు హెచ్చరించాడు. గమనించారా, ఆ వచనంలో ప్రార్థన ఆగిపోయేది భర్తది. ఇంట్లో ప్రార్థన సన్నగిల్లితే పేతురు వేలు చూపించింది భర్తకేసి. ఆ పత్రికలోనే అంతకు ముందున్న ఆరు వచనాలను స్త్రీల కూడికల్లో వల్లెవేయిస్తాం, ఏడో వచనాన్ని మగవాళ్లకు ఎన్నిసార్లు వినిపించామో చెప్పండి. ఇంకా వెనక్కి వెళ్తే ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కొత్తగా పెళ్లయినవాణ్ణి ఏడాదిపాటు యుద్ధం నుంచి తప్పించింది. భార్యను సంతోషపెట్టడానికి దేశం పనినే పక్కన పెట్టించిన దేవుడు సంఘం పనిని పక్కన పెట్టనివ్వడా?

మగవాడు బిడ్డ గుడ్డలు ఉతకడం మన సంస్కృతి కాదు, ఇదంతా ఇప్పటి పోకడ అనే పెద్దలకు 1522 సంవత్సరం గుర్తుచేస్తాను. ఆ ఏడు మార్టిన్ లూథర్ దాంపత్య జీవితం మీద రాసిన పుస్తకంలో ఒక తండ్రిని చూపించాడు. అతను విశ్వాసంతో బిడ్డ తడిగుడ్డలు ఉతుకుతుంటాడు, చూసినవాళ్లు ఆడంగివాడని నవ్వుతుంటారు, దేవుడూ దేవదూతలూ మాత్రం అతన్ని చూసి సంతోషిస్తుంటారు. (రాసేనాటికి లూథర్‌కు పెళ్లి కాలేదు, కాబట్టి తేలిగ్గా రాశాడని అనేవాళ్లు ఉండవచ్చు. 1525లో కాథరీనాను పెళ్లాడి ఆరుగురు పిల్లలకు తండ్రయ్యాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.) 1842లో మిషనరీ హేయర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘం ఈ లూథర్ పేరు పెట్టుకున్నదే. విశ్వాసం వల్లనే నీతి అన్న లూథర్ మాటను మనం అందుకున్నాం, అదే విశ్వాసంతో గుడ్డలు ఉతికిన తండ్రిని అక్కడే వదిలేశాం.

జాన్ వెస్లీ తల్లి సుసన్నాది కూడా ప్రసంగాల్లో తరచూ వచ్చే పేరే. 19 మందిని కని 10 మందిని దక్కించుకున్న ఆ తల్లి వంటింట్లో కొంగులాంటి గుడ్డ తలమీద కప్పుకుని ప్రార్థించేదని, ఆ గుడ్డ కనపడితే పిల్లలు అల్లరి మానేవాళ్లని చెబుతారు. అంతమంది పిల్లలతో ఆమెకు కుదిరింది, ఇద్దరితో నీకు కుదరదా అన్నది ఆ కథకు తోక. గుడ్డ కథ తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిందే తప్ప ఆమె రాసుకున్నది కాదు. ఆమె ఉత్తరాల్లో దొరికే సంగతులు వేరు. ఇంగ్లండులో వాళ్లు ఉన్న ఎప్‌వర్త్‌లో ఆ ఇంట పనివాళ్లు ఉండేవారు. ఒక్కో పిల్లకూ పిల్లవాడికీ వారంలో ఒక సాయంత్రం కేటాయించి విడిగా మాట్లాడేది. అంతకన్నా ముఖ్యం, ప్రార్థన విషయంలోనే ఆ దంపతులకు రెండుసార్లు పెద్ద తగాదా వచ్చింది. విలియం రాజు కోసం భర్త చేసిన ప్రార్థనకు ఆమె ఆమెన్ అనలేదని పాస్టరయిన శామ్యూల్ వెస్లీ పిల్లలతో సహా ఆమెను వదిలి వెళ్లిపోయాడు. 1702లో ఆ రాజు పోయాకే కాపురం చక్కబడింది, ఆ తరవాతి ఏడు పుట్టినవాడే జాన్. రెండోసారి 1712 ప్రాంతంలో, భర్త లండన్‌లో ఉండగా ఆదివారం సాయంత్రాలు ఆమె ఇంట్లో చదివే వాక్యం వినడానికి రెండు వందల మందిదాకా రాసాగారు. ఆపమని భర్త రాస్తే, ఆపాలంటే నువ్వు ఆజ్ఞ ఇయ్యి, ఆ ఆత్మల లెక్క నువ్వే చెప్పుకో అన్న అర్థంలో జవాబు రాసింది. మెదక్ చర్చి కట్టినవాళ్లు వెస్లీ సంప్రదాయంలోని మిషనరీలే కాబట్టి ఈ తల్లి మనకు పరాయిది కాదు. ఆమెను తలుచుకునేటప్పుడు తలమీది గుడ్డ ఒక్కటే కాకుండా, సాయం చేసే చేతులూ, తన ప్రార్థన మీద తనకున్న అధికారమూ కూడా చెబితే న్యాయంగా ఉంటుంది.

మార్త, మరియల సంగతి ఎవరో ఒకరు ఎత్తకుండా ఉండరు. మరియ ఉత్తమమైనది ఎంచుకుందని, వంటపనిలో మునిగిన మార్తను ప్రభువు సరిదిద్దాడని లూకా పదో అధ్యాయం చెబుతోంది కదా? చెబుతోంది. అయితే అక్కడ ఆ పని తగ్గించింది ఎవరో చూడాలి. విందు ఎవరికోసమో ఆ అతిథే, ఇంత ఏర్పాటు నాకు అక్కర్లేదన్నాడు. తల్లి పని తగ్గాలంటే పని చేయించుకుంటున్నవాళ్లే అలా అనాలి. భర్త అనవచ్చు, అత్తమామలు అనవచ్చు, సంఘం అనవచ్చు. ఆర్నెల్ల పసివాడు అనలేడు, వాడు ఆకలేస్తే ఏడుస్తాడు. ఇంకో మాట, మరియను మెచ్చుకునే ప్రసంగం అయిన ఆదివారమే వెనక వంటశాలలో ప్రేమవిందుకు సాంబారు మరగబెడుతున్న అక్కలకు ఆ ప్రసంగం వినపడదు. ఫోను చూడ్డానికి తీరిక ఉంటుంది, ప్రార్థనకు ఉండదా అనే మాటలో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. ఫోను అందరి సమయాన్నీ తింటోంది, తల్లులది కూడా. కానీ బిడ్డ రొమ్ము దగ్గర ఉండగా ఒంటిచేత్తో తెర జరుపుకునే ఆ పది నిమిషాలు గది తలుపేసుకుని మోకరించే గంటగా మారవు. మారగలిగింది ఒక చిన్న కీర్తన, రెండు మాటల మొర. అవి చాలవని మనం అన్నంతకాలం ఆమె అవి కూడా చెయ్యదు. అన్యజనుల్లా మాటలు పెంచవద్దని కొండమీద చెప్పినాయన దృష్టిలో రెండు మాటల ప్రార్థన లోటు అయ్యే అవకాశం లేదు.

యేసు పెందలకడ చీకటుండగానే లేచి ప్రార్థించాడు, దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు అన్నది ఇంకో అభ్యంతరం. ఇద్దరూ గొప్ప మాదిరులే. ఇద్దరి చేతిలోనూ పసిబిడ్డ లేదు. ఒంటరివాడి తీరికను, పెళ్లయినవాళ్ల చింతను పౌలే విడదీసి చెప్పాడు, పెళ్లయినవాళ్లను తప్పుపట్టకుండానే చెప్పాడు. అదే యేసు తుఫానులో దోనె వెనక భాగాన తలగడ మీద నిద్రపోయాడు కూడా. ఆయన్ని పోలి నడుచుకోవాలనే ప్రసంగాల్లో ఆ నిద్రకు చోటు దొరకడం లేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఇది స్త్రీల నుంచే వస్తుంది. శుక్రవారం కూడిక, ఆల్‌నైట్ ప్రార్థన, చాలామంది ఆడవాళ్లకు ఇల్లు దాటి వచ్చి నలుగురితో కూర్చునే ఒకే ఒక్క చోటు. అక్కడే ఏడుస్తారు, అక్కడే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. కూడికలు భారమని నాలాంటివాళ్లు రాస్తే ఆ ఒక్క గంట కూడా ఇంట్లోవాళ్లు మాన్పిస్తారు. ఈ భయం నిజమైనది. అందుకే కూడికలు మానమని నేను అనడం లేదు. ఆ గంట ఆమెకు ఊరట కావాలంటే ఆ గంటసేపు బిడ్డ ఇంకొకరి చేతిలో ఉండాలి. ఒళ్లో గింజుకుంటున్న పిల్లతో, ఇంటికెళ్లాక చెయ్యాల్సిన వంట తలుచుకుంటూ కూర్చున్న మనిషికి అది ఊరట కాదు, హాజరు వేయించుకోవడం. సంఘంలో పిల్లలు పెద్దవాళ్లయిన తల్లులు ఉన్నారు, కాలేజీ పిల్లలున్నారు, రిటైరైన అయ్యలున్నారు. పిల్లల్ని చూసుకునే వంతు పట్టిక ఒకటి వేసి అందులో మగవాళ్ల పేర్లు కూడా రాయండి.

భర్త విశ్వాసి కాని ఇళ్ల సంగతి ఇంకా కష్టం. మన సంఘాల్లో ఒంటరిగా వచ్చే స్త్రీలు కొద్దిమంది కారు. కొందరికి మందిరానికి రావడమే ఇంట్లో గొడవ. వీళ్ల విషయంలో భర్తను లెక్క అడగడం కుదరదు, అందుకే రెండో లెక్క సంఘానిది అన్నాను. అలాంటి ఇంట్లో భార్య సాధించగలిగినంత ప్రార్థననే దేవుడు అంగీకరిస్తాడని, ఆ ఇంటి నెమ్మది పాడుచేసుకుని రాత్రి కూటాలకు రావాల్సిన పని లేదని కాపరి నోట వినడం ఆమెకు చాలా అవసరం. మీరు చెప్పకపోతే పక్క వీధిలో మైకు పెట్టిన వేరొకరు దానికి ఉల్టాగా చెబుతారు.

ఒక మాట మాత్రం దయచేసి వెంటనే మానండి. బిడ్డకు జ్వరం వచ్చిందనో, భర్తకు ఉద్యోగం పోయిందనో వచ్చిన తల్లితో 'ప్రార్థన తగ్గిందమ్మా, అందుకే శత్రువుకు సందు దొరికింది' అనే మాట. పుట్టుగుడ్డివాణ్ణి చూసి పాపం ఎవరిదని అడిగిన శిష్యులకు యేసు ఇచ్చిన జవాబు యోహాను తొమ్మిదో అధ్యాయంలో ఉంది. కాన్పయ్యాక నిద్రపట్టక, ఊరికే ఏడుపొస్తూ, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకుండా ఉన్న తల్లి దగ్గర ఆ మాట మరీ ప్రమాదం. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. ఆమె కోసం ప్రార్థన చెయ్యండి, అదే రోజు ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోను కలిపి చేతికివ్వండి, మానసిక వైద్యుడి దగ్గరికి తోడు వెళ్లండి.

ఏశావు తనతో పాటు నడవమన్నప్పుడు యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్లు, పాలిచ్చే మందలున్నాయి, ఒక్కరోజు తరిమినా చచ్చిపోతాయి, నేను వాటి నడకను బట్టే వస్తానన్నాడు. ఆదికాండము 33వ అధ్యాయంలో ఉంది. కాపరి అన్న పేరు పెట్టుకున్నవాళ్లకు ఇంతకన్నా సూటిగా ఎలా చెప్పాలో నాకు తెలియదు. వచ్చే శ్రమకాలానికి నలభై రోజుల కూడికల పట్టిక వేస్తారు కదా. అందులో ఒక రాత్రి మగవాళ్లనే పిలవండి. భార్యలు ఇంట్లో పడుకోనీ, పిల్లల్ని వెంటబెట్టుకు రమ్మనండి. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం ఏడో వచనం తెరవండి. పిల్లలు ఏడుస్తారు, మధ్యలో లేచి బయటికి తీసుకెళ్లాల్సి వస్తుంది. ప్రసంగం ఆపకండి.

ప్రభువునందు,
మీ సంఘాల్లో కూర్చునే ఒక విశ్వాసురాలు